నిదానము

తెలుగున నిదానమను మాటకు రెండర్థములు గలవు. తొందరపడకుండుట యొకటి, రోగమూలమును కనుగొనుట రెండవది. చరకసంహితలో నిదానస్థానమను భాగమే కలదు. అందు ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయము నిచ్చి, దానిని అయిదు విధములుగా విభజించిరి. మతి చెడినవారి నందఱిని ఒకే గాట కట్టరాదని పూర్వులు ఎంత ముందుగా గ్రహించిరో దీనివలన తెలియును. మనము మాత్రము ఎదుగుచున్న పిల్లవాని విషయమున ఈ రెండర్థములను మఱచి, తొందరగా ఒక పేరు పెట్టెదము: సోమరి, పొగరుబోతు, గాలి సోకినవాడు. ఇటీవల వీనికి సెల్‌ఫోను పిచ్చివాడను పేరు గూడ తోడైనది.

హోసూరున నాకు పరిచయమున్న యొక కుటుంబమున జరిగిన సంగతి చెప్పెదను. పిల్లవానికి 15 ఏండ్లు. ఇంట తెలుగు, బడిలో తమిళము, వీధిలో కొంత కన్నడము. చదువున ముందుండువాడు ఉన్నట్టుండి పుస్తకము ముట్టుట మానెను, పగలెల్ల పరుండెను, అన్నము వద్దనెను. తండ్రి మందలించెను. తల్లి తల్లియైన అవ్వ దిష్టి తీసెను. అందఱును చంద్రచూడేశ్వరుని కొండ కేగి మ్రొక్కుకొని వచ్చిరి. మ్రొక్కుటలో తప్పు లేదు; మ్రొక్కితిమి గదా యని నాలుగు మాసములు ఊరకుండుటయే తప్పు.

తుదకు వైద్యుని యొద్దకు పోయిరి. ఎట్లున్నదని యడుగగా పిల్లవాడు "బేజారుగా ఉంది" అనెను. మన సరిహద్దు తెలుగున ఆ మాట విసుగునకు, దిగులునకు, బ్రతుకుమీది విరక్తికి గూడ చెల్లును. తండ్రి దానిని తమిళమున విసుగని మాత్రమే చెప్పెను. మీ వంశమున ఎవరికైన ఇట్టి జబ్బు కలదా యని వైద్యుడు అడిగెను. తల్లి లేదనెను. ఆమె తమ్ముడు యౌవనమున కొన్ని నెలలు మంచము విడువక, మఱి కొన్ని నెలలు రాత్రింబవళ్లు నిద్రలేక తిరిగి, ఉన్న పొలమును తెగనమ్మి దానములు చేసినవాడు. కాని పిల్లవాని అక్కకు అప్పుడు సంబంధములు చూచుచుండిరి.

వైద్యుడు దిగులు జబ్బునకు మందిచ్చెను. విన్న మాటలనుబట్టి అతడు చేసినది సబబే. కొన్ని వారములకు పిల్లవాడు రాత్రి రెండు గంటలకు మేడమీద పాడ నారంభించెను. తనకు నిద్రయే అక్కఱలేదనెను. ఆపబోయిన తండ్రిని త్రోసివేసెను.

దిగులు, ఉద్రేకము మార్చి మార్చి వచ్చు ఈ వ్యాధిని బైపోలార్ అందురు. అది తొలుత దిగులుగా కనబడుట తఱచు. అప్పుడు దిగులు మందొక్కటే యిచ్చినచో కొందఱిలో ఉద్రేకము ప్రకోపింపవచ్చును. రక్తబంధువులలో ఆ వ్యాధి యుండుట వైద్యునకు పెద్ద ఆనవాలు. రక్తపరీక్షలోగాని, తలకు తీసిన పటములోగాని ఈ వ్యాధి పేరు కనబడదు. థైరాయిడ్ లోపము వంటి ఇతర కారణములను త్రోసిపుచ్చుటకే ఆ పరీక్షలు. తక్కినదంతయు మాటలలోనే యున్నది. వైద్యులు సైతము తాము నేర్చిన సంప్రదాయమునుబట్టి పేరు పెట్టుట కలదు. న్యూయార్కు, లండను ఆసుపత్రుల రోగులను ఒకే పద్ధతిన పరిశీలించిన యొక పరిశోధన 1972లో వెలువడెను. న్యూయార్కు వైద్యులు స్కిజోఫ్రీనియా యని పేర్కొన్నవారిలో పలువురికి దిగులు, ఉద్రేకములకు చెందిన జబ్బే యున్నట్లు అందు తేలెను. కావున రెండవ అభిప్రాయము కోరుట వైద్యుని అవమానించుట కాదు.

మనకు ఆ సదుపాయము దూరము గాదు. బెంగుళూరు హోసూరునకు సుమారు 40 కిలోమీటర్లు. కృష్ణగిరివారికి ఇంకొక 50. అక్కడి నిమ్హాన్సు 1974లో ఏర్పడినది. పిల్లలకు, కౌమారప్రాయులకు అందు ప్రత్యేక విభాగమున్నది. 2022లో ప్రారంభమైన టెలిమానస్‌కు 14416 నంబరున తెలుగుననే మాటలాడవచ్చును.

ఈ కుటుంబము బెంగుళూరున ఒక వైద్యురాలిని చూచెను. వంశమును గూర్చిన ప్రశ్న మరల వచ్చెను. తల్లి తలవంచుకొనెను. అవ్వ మాత్రము, "నా కొడుకూ ఇట్లే ఉండె, తల్లీ" అనెను. వైద్యురాలు మందు మార్చెను గాని, వ్యాధి పేరును ఆ దినముననే స్థిరపఱచలేదు. ఈ వయసున రూపు మాఱుట కలదని, కొంతకాలము చూడవలెనని చెప్పెను.

తల్లి చేసినది పాపమా? ఒక బిడ్డ పెండ్లికై ఇంకొక బిడ్డను బలిపెట్టినదని నిందించుట సులువు. తమిళనాట చెదరియున్న మన కుటుంబములలో సంబంధములు దొరకుట ఎంత కష్టమో యెఱిగిన నేను నిందింపజాలను. కాని వీధివారికి చెప్పకుండుట వేఱు, వైద్యునికి చెప్పకుండుట వేఱు. మొదటిది కుటుంబమునకు గల హక్కు. రెండవదానియందు దాచబడినది పిల్లవాని సొత్తు. మేనమామ కథ వాని దేహములోని కథ. వైద్యునికి చెప్పినది బయటకు పొక్కరాదని 2017 నాటి మానసికారోగ్య చట్టమే శాసించుచున్నది. సమాజపు నీతికి, ఆచారమునకు లోబడనంత మాత్రమున ఎవరిని రోగిగా నిర్ణయింపరాదని గూడ ఆ చట్టము చెప్పుచున్నది. ఎదురాడు పిల్లలందఱిని ఆసుపత్రికి లాగుకొని పోవువారు ఈ మాటను గమనింపవలెను. ఇక వియ్యాలవారికి చెప్పవలెనా యనునది ఈ రెండింటి నడుమ నున్న ప్రశ్న; అది నాకును తేలలేదు.

ఇప్పుడు ఆ తల్లి ఒక నోటుపుస్తకమున పిల్లవాడు ఎన్ని గంటలు నిద్రించెనో, ఏమనెనో దినదినము తెలుగున వ్రాయుచున్నది. వైద్యురాలికి తెలుగు చదువ రాదు; విన్న తెలియును. తల్లి చదువును, ఆమె వినును. పోయినసారి బేజారను మాట వచ్చినచోట ఆపి, ఏ బేజారని పిల్లవానినే యడిగినదట.