చిప్‌ను కాస్త నెమ్మదిగా తియ్యి నాన్నా

ఇలా వచ్చి కూర్చో నాన్నా. ఆ స్క్రూడ్రైవర్ కాసేపు పక్కన పెట్టు. ఆర్డుయినో ఊనో బోర్డు మీద చిప్‌ను సాకెట్‌లో ఎందుకు కూర్చోబెట్టారంటావు? పొరపాటున అది కాలిపోతే బోర్డంతా పారెయ్యకుండా ఆ ఒక్కటే మార్చుకోవడానికి. ఆ చిప్ పేరు ఏటీమెగా328పీ. దాని ఒక్కో పిన్ను మీద 40 మిల్లీఆంపియర్లు దాటకూడదు, 20 లోపు ఉంచితే ఇంకా మంచిది. నువ్వేమో మోటారును నేరుగా దానికే తగిలిస్తావు, పోతే మార్చుకోవచ్చులే అంటావు. మార్చుకోవచ్చు, కాదనను. మార్చుకోవచ్చు కదా అని పాడుచెయ్యకు, అంతే నా మాట.

అన్నిటికంటే తీసేటప్పుడు నీ తొందర చూస్తే నాకు భయం. ఒక కొసనుంచి ఒక్కసారే లేపేస్తావు. రెండో కొసన కాళ్లు వంగిపోతాయి. తిన్నగా చేస్తావు, మళ్లీ వంగుతాయి, మళ్లీ తిన్నగా చేస్తావు, చివరికి ఒక కాలు విరిగి చేతికొస్తుంది. గాజులమ్మే ఆవిడ చేతికి గాజు ఎక్కించడం చూశావు కదా? అటు కాస్త, ఇటు కాస్త జరుపుతుంది. నువ్వూ అలాగే ఈ కొస కొంచెం, ఆ కొస కొంచెం లేపాలి. స్క్రూడ్రైవర్ మొన చిప్‌కూ సాకెట్‌కూ మధ్యే దూరాలి. సాకెట్ కిందికి పోయిందా, బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. అప్పుడిక చిప్ మార్చినా లాభం లేదు.

పెట్టేటప్పుడూ అంతే. కొత్త చిప్ కాళ్లు బయటికి విచ్చుకుని ఉంటాయి. ఒక వరుసనంతా బల్లకు ఆనించి మెల్లగా లోపలికి వంచు, తర్వాత రెండో వరుస. రెంటి మధ్యా 7.62 మిల్లీమీటర్లు ఉంటే సాకెట్‌లోకి తిన్నగా దిగుతుంది. చిప్ మీది గాటూ సాకెట్ మీది గాటూ ఒకే వైపుండాలి. నీ దగ్గరున్న ఏటీటైనీ85 అనే చిన్న చిప్‌ను తిప్పి పెట్టావంటే పవర్ అందాల్సిన 8వ కాలికి గ్రౌండు, గ్రౌండు అందాల్సిన 4వ కాలికి పవర్ పోతాయి. యూఎస్‌బీ కేబుల్ పీకకుండా చిప్ జోలికి అసలు వెళ్లకు.

మీ నాన్న ఇచ్చిన డబ్బుతో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తావు కదా, రేకుల సాకెట్ చవగ్గా వచ్చిందని తెచ్చెయ్యకు. గుండ్రటి రంధ్రాలది అడుగు, దాని పట్టు ఎక్కువకాలం ఉంటుంది. మాటిమాటికీ తీసి పెట్టే పనైతే మీట ఉన్న జిఫ్ సాకెట్ కొను. సాకెట్‌కు టంకం వేసేటప్పుడు చిప్ అందులో ఉండకూడదు సుమా.

అదే బోర్డు మీద మీ చెల్లి కూడా నేర్చుకుంటోంది. సాకెట్ వదులైతే చిప్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు. ఆ పిల్ల తన ప్రోగ్రాములోనే తప్పుందనుకుని రాత్రంతా వెతుక్కుంటూ కూర్చుంటుంది. నువ్వు చిప్ తీసి పెట్టిన రోజున ఆ సంగతి తనకు చెప్పు.