పాదాలు కడిగే పని ఎవరిది?

పరిశుద్ధ వారంలో గురువారం సాయంత్రం కొన్ని చర్చీలలో పాదాలు కడిగే ఆచారం ఉంటుంది. పాస్టరుగారు పై అంగీ తీసి పక్కన పెట్టి, నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, సంఘంలోని పన్నెండు మంది పాదాలు కడుగుతారు. కతోలిక దేవాలయాల్లో ఇది ప్రతి సంవత్సరం జరుగుతుంది. ప్రొటెస్టెంట్ చర్చీలన్నింటిలో ఉండదు. ఉన్నచోట మాత్రం జనం దాన్ని చూడటానికే ముందు బెంచీల్లో కూర్చుంటారు. పేర్లు ముందే చెప్పేస్తారు కాబట్టి ఆ పన్నెండు మందీ ఇంటి దగ్గరే సబ్బుతో కాళ్లు రుద్ది కడుక్కుని వస్తారు. అంటే పాస్టరుగారు కడిగేది అప్పటికే కడిగిన పాదాలను అన్నమాట. వాళ్లను తప్పుపట్టలేం. మురికి కాళ్లు నలుగురిలో చాపాలంటే ఎవరికైనా సిగ్గే.

యోహాను సువార్త 13వ అధ్యాయంలోని రాత్రి మాత్రం ఇలాంటిది కాదు. ఆ కాలంలో జనం దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచేవాళ్లు, ఆ దారుల్లోనే పశువులూ నడిచేవి. ఇంటికి వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. మన ఇళ్లల్లోనూ అంతే కదా, ఊరినుంచి చుట్టాలొస్తే చెంబుతో నీళ్లిచ్చి, కాళ్లు కడుక్కోండి అంటాం. కానీ నీళ్లివ్వడం వేరు, వంగి కడగడం వేరు. ఆ వంగే పని బానిసది. మేడగదిలో ఆ రాత్రి బానిస ఎవరూ లేరు. శిష్యుల్లో ఒక్కడూ లేవలేదు. ఎందుకు లేవలేదో నాకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకసారి లేచినవాడికి ఆ పని ఎప్పటికీ అంటుకుంటుంది. ఇంట్లో ఒకరోజు అంట్లు తోమితే మర్నాటినుంచి అవి మనవే అయిపోతాయి. మా తమ్ముడికి ఈ సంగతి బాగా తెలుసు, అందుకే వాడు మొదలుపెట్టడు.

అప్పుడు యేసు లేచాడు. ప్రసంగాల్లో దీన్ని తగ్గింపు అంటారు. వినయానికి మన సంఘాల్లో వాడే మాట అది. సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు ఒక ప్రశ్న వస్తుంది. తగ్గాలంటే ముందు ఎత్తులో ఉండాలి. యేసు వాళ్లకు బోధకుడు, ప్రభువు. ఆ పని చేయకపోయినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. అయినా చేశాడు కాబట్టి అది తగ్గింపు అయింది. పుట్టినప్పటినుంచీ కిందే ఉంచిన మనిషి అదే పని చేస్తే దాన్ని ఏమనాలి? వేరే దారి లేక చేసే పనికి వినయం అని పేరు పెట్టవచ్చా?

ఇది నాకు పుస్తకంలో దొరికిన ప్రశ్న కాదు. మా నాయనమ్మ 28 ఏళ్లు చెన్నై వీధులు ఊడ్చింది. మేముండే వ్యాసర్‌పాడిలో, పక్కనున్న పుళియంతోపులో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎన్నో కుటుంబాల తాతలు, ముత్తాతలు ఈ ఊరు శుభ్రం చేసే పనికోసమే ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆదివారం తెలుగు బైబిలు. ఒకరోజు నాయనమ్మ దగ్గర కూర్చుని, "నువ్వు చేసింది కూడా దేవుడి పనే కదా?" అని అడిగాను. బళ్లో నీతి పాఠం చెప్పినట్టుగా అడిగాననుకుంటా, నవ్వింది. "దేవుడి పనైతే దేవుణ్ణే చేయమను. నాది జీతం పని. ఆ జీతంతోనే మీ నాన్న చదివాడు" అంది. ఉదయం, సాయంత్రం ప్రార్థన మానని మనిషి ఆమె. అలాంటి ఆమే ఈ మాట అంటే, ఇంకెవరైనా ఆ పనిని పవిత్రమని పొగడబోతే ఒక నిమిషం ఆగి ఆలోచించాలనిపిస్తుంది.

పెద్దవాళ్ల మధ్య కూడా ఈ వాదన నడిచింది. గాంధీగారు 1901లో కలకత్తా కాంగ్రెసు సభలకు వెళ్లినప్పుడు మరుగుదొడ్డి తానే శుభ్రం చేశారు. తర్వాత ఆశ్రమాల్లో అందరూ ఆ పని చేయాలనే నియమం పెట్టారు. పాకీపని గొప్ప సేవ అని కూడా రాశారు. ఈ ధోరణిని అంబేడ్కర్ 1945లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా విమర్శించారు. పనిని పొగిడితే ఆ పని చేసేవాళ్లు అందులోనే ఉండిపోతారు కదా అన్నది ఆయన బాధ. నాకు ఇద్దరిలో ఒక్కొక్క మాట నచ్చుతుంది. అందరూ వంతులవారీగా చేయాలన్నది గాంధీగారిలో నచ్చుతుంది. పొగడ్తను అనుమానించడం అంబేడ్కర్‌లో నచ్చుతుంది.

మన తెలుగు మూలాలున్న మనిషి ఒకరు ఈ ప్రశ్నను జీవితమంతా మోశారు. బెజవాడ విల్సన్ 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టారు. ఆయన తండ్రి అక్కడి టౌన్‌షిప్‌లో పారిశుద్ధ్య పని చేసేవారు. చేతులతో మలం ఎత్తించే పని పూర్తిగా పోవాలని విల్సన్ కొందరితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థను మొదలుపెట్టారు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. ఆ సంస్థ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పింది. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023లో ఇంకో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. క్యాలెండరు తిప్పి చూస్తే 2014 మార్చి 27 లెంటు దినాల్లో ఒక గురువారం. అలా పడటానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు, నాకు మాత్రం గుర్తుండిపోయింది.

2019 ఫిబ్రవరి 24న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆ అయిదుగురికీ ఆ రోజు గౌరవంగానే అనిపించి ఉంటుంది. విల్సన్ మాత్రం మెచ్చుకోలేదు. కాలువల్లో చావులు ఆగాలన్నది ఆయన ఎప్పుడూ అడిగేదే. మన చర్చీలలో జరిగే పాదాల ఆచారానికి కూడా ఈ ప్రశ్న తగులుతుందని నేననుకుంటాను. మనం దేవుడి పేరున చేస్తున్నాం కాబట్టి మనల్ని అడగకూడదు అనడానికి లేదు. ఇంకా ఎక్కువగా అడగాలి.

అలాగని ఆచారాన్నే కొట్టిపారేయలేను. 2013 మార్చి 28న, పరిశుద్ధ గురువారం నాడు, పోప్ ఫ్రాన్సిస్ పెద్ద దేవాలయం వదిలి రోములో నేరాలు చేసిన పిల్లల్ని ఉంచే ఒక నిర్బంధ గృహానికి వెళ్లి పన్నెండు మంది పాదాలు కడిగారు. వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు. ముస్లింలు కూడా ఉన్నారు. అప్పటివరకు నియమం ప్రకారం మగవాళ్ల పాదాలే కడగాలి. 2016లో ఆ నియమాన్నే మార్చారు. అంటే ఆ పళ్లెం ఎవరి ముందు పెడతామన్నది చిన్న సంగతి కాదు.

ఇక మా నాయనమ్మ సంగతి. సంఘ క్యాలెండరంతా ఆమెకు చెత్తతోనే గుర్తు. ఆగమన కాలమంటే వాన, బురద. 2015లో ఆగమన కాలం మొదలైన రెండు రోజులకే, డిసెంబరు 1, 2 తేదీల్లో చెన్నై మునిగింది. నీళ్లు దిగాక ఇళ్లనుంచి బయటపడినవన్నీ వీధిలోకొచ్చాయి. అన్నిటికన్నా బరువు పరుపులేనట. నీళ్లు తాగిన పరుపును నలుగురు పట్టినా లేవదని చెప్తుంది. క్రిస్మస్ అంటే కేకు డబ్బాలు, టపాకాయల కాగితాలు, పశువుల పాకకు వాడిన థర్మోకోలు. లెంటులో చెట్లు ఆకులు రాలుస్తాయి, ఎంత ఊడ్చినా వెనక మళ్లీ పడుతుంటాయి. మట్టల ఆదివారం నాడు ఊరేగింపు వెళ్లిపోయాక రోడ్డంతా మట్టల ముక్కలే. ఒక సంవత్సరం ఆ రోజు ప్రసంగం విని ఇంటికొచ్చి, "యెరూషలేములో అన్ని కొమ్మలు పరిచారు, సరే. వాటిని ఎవరు ఊడ్చారంట?" అని అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు. సువార్తల్లోనూ దాని గురించి ఏమీ లేదు.

ఈస్టరు మాత్రం ఆమెకు ఇష్టం. ఇంకా చీకటి ఉండగానే సమాధి దగ్గరికి వెళ్లింది ఆడవాళ్లు. చెన్నైలో ఆ వేళకు రోడ్డు మీద ఉండే ఆడవాళ్లెవరో ఆమెకు తెలుసు. లోకమంతా నిద్రపోతున్నప్పుడు పనికి బయల్దేరినవాళ్లకే మొదట తెలిసిందని ఆమె గర్వంగా చెప్తుంది. దీన్ని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేను విన్న ఈస్టరు ప్రసంగాలన్నిటికన్నా ఇదే నాకు దగ్గరగా ఉంటుంది.

2015 నాకు గుర్తులేదు, చిన్నదాన్ని. 2023 బాగా గుర్తుంది. ఆ సంవత్సరం ఆగమన కాలపు మొదటి ఆదివారం డిసెంబరు 3. ఆ రాత్రినుంచే మిచాంగ్ తుపాను వాన. మర్నాటికి మా వీధిలో మోకాళ్లదాకా నీళ్లు. అదే తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువైపున్న మా చుట్టాలూ మేమూ ఫోన్లలో, మీకెంత నీళ్లు అంటే మీకెంత అని అడుక్కున్నాం. నీళ్లు తగ్గుతుండగానే మా వీధిలోని కార్మికులు పనికి వెళ్లారు. వాళ్ల ఇళ్లల్లో బియ్యం తడిసే ఉన్నాయి, వాళ్ల పిల్లలు తడి నేలమీదే ఉన్నారు. వేరేవాళ్ల వీధులు ముందు శుభ్రం అయ్యాయి. ఆ వారం ఊరి పాదాలు కడిగింది వాళ్లు. వాళ్ల ఇంటి గుమ్మంలో బురద కడగడానికి ఎవరూ రాలేదు, సాయంత్రం తిరిగొచ్చి వాళ్లే కడుక్కున్నారు.

ఆ తర్వాతి లెంటులో మా పాస్టరుగారు ఒక మంచి పని చేశారు. పాదాలు కడగడానికి సంఘ పెద్దల్ని కాకుండా వీధులు ఊడ్చే పన్నెండు మందిని పిలిచారు. నాయనమ్మ పేరూ ఉంది. ఆమె వెళ్లనంది. "ఆయన నా కొడుకు వయసువాడు, నా కాళ్లు పట్టుకుంటే నాకు బాగుండదు" అంది. పేతురు కూడా ఇలాగే వద్దన్నాడు కదా అని మేమంతా బతిమాలాం. రాత్రి నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అసలు కారణం చెప్పింది. "ఆయన కడిగి వెళ్లిపోతాడు. మళ్లీ నేను ఆయనకేం చేయాలి? బాకీ ఉండిపోతుంది." ఆమె బదులు పక్కవీధి పెద్దమ్మ వెళ్లింది. నీళ్లు తగలగానే ఏడ్చేసింది. తర్వాత కొన్ని రోజులు ఆమె మొహంలో వెలుగు మేమందరం చూశాం. కాబట్టి ఆ ఆచారం ఉత్త నాటకమని నేను అనను. నాయనమ్మ వద్దనడం గర్వమనీ అనను. జీవితమంతా ఇచ్చే చేతికి తీసుకోవడం నేర్పినవాళ్లు లేరు.

బాకీ అన్న మాట పట్టుకుని ఆ అధ్యాయం మళ్లీ చదివాను. కడగడం అయ్యాక యేసు తిరిగి కూర్చుని ఏం చెప్పాడో చూడండి. మీరు నా పాదాలు కడగండి అనలేదు. చిన్నవాళ్లు పెద్దవాళ్లవి కడగాలనీ, పెద్దవాళ్లు ఏడాదికోసారి చిన్నవాళ్లవి కడగాలనీ అనలేదు. ఒకరివి ఒకరు కడుక్కోమన్నాడు. నాకు ఈ మొత్తం అధ్యాయంలో కష్టమైన మాట అదే. వంతు మారాలి. ఒక కులం, ఒక వీధి, ఒక ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే ఎప్పుడూ పళ్లెం దగ్గర ఉంటే ఆ ఆజ్ఞ జరగనట్టే. అలా చూస్తే చట్టం కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లూ, 2025 ఆగస్టులో ప్రైవేటు కాంట్రాక్టు వద్దని రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్న కార్మికులూ ఆ వంతు గురించే అడుగుతున్నారనిపిస్తుంది. దీన్ని చర్చిలో మాట్లాడాల్సిన విషయం కాదు అనేవాళ్లున్నారు. నాకైతే పరిశుద్ధ గురువారం మాట్లాడటానికి ఇంతకన్నా సరైన విషయం కనబడదు.

మనలాంటి పిల్లలు చేయగలిగినవి చిన్నవే. తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టడం. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, పైన గాజు అని రాసి ఇవ్వడం. ఆ సంచిలోకి ఒక చెయ్యి వెళ్తుంది. నాయనమ్మ కుడి అరచేతిలో పొడవాటి మచ్చ ఉంది, ఎవరింటి గాజుదో ఆమెకూ తెలియదు.

మా పక్కింటి అక్క ఇప్పుడు అదే పనికి వెళ్తుంది. పొద్దున బ్యాటరీ బండి మా వీధికి వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలో చెంబుతో నీళ్లు, గ్లాసులో టీ పెట్టుకుని ఉంటుంది. అక్క చేతులు, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని టీ తాగుతుంది. మోకాళ్ల నొప్పితో వంగలేని నాయనమ్మ పూలకుండీలకు నీళ్లు కూడా పోసి పెడుతుంది. తర్వాత గ్లాసు ఎవరు కడగాలన్న దగ్గర ఇద్దరికీ రోజూ గొడవే. అక్క పట్టుకుని వదలదు, నాయనమ్మ లాక్కుంటుంది. బండి వెనక వచ్చే మోటారు సైకిళ్లవాళ్లు హారన్ కొడుతూనే ఉంటారు.