గడప ముందు నుంచి సాగే పందెం

1903 జులై 1, మధ్యాహ్నం మూడు దాటింది. పారిస్ పొలిమేరల్లోని మోంజెరాన్‌లో ఒక హోటల్ ముందు అరవై మంది సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. చేరాల్సిన ఊరు లియోన్, 467 కిలోమీటర్ల అవతల. మన లెక్కలో చెప్పుకుంటే హైదరాబాద్‌లో బయల్దేరి సూర్యాపేట, కోదాడ, విజయవాడ, ఏలూరు వెనకేసుకుని, గోదావరి వంతెన మీదుగా రాజమండ్రిని కూడా దాటిపోవాలి. అదీ ఒక్క విడతలో, రాత్రంతా, గేర్లు లేని సైకిల్ మీద, కంకరా దుమ్మూ తప్ప మరేమీ లేని బాట మీద. మర్నాడు పొద్దున్నే లియోన్‌లోకి ముందుగా దూసుకొచ్చినవాడు మోరిస్ గారిన్. చిన్నప్పుడు పొగగొట్టాల్లో మసి దులిపి బతికినవాడు. పట్టిన సమయం 17 గంటల 45 నిమిషాలు. అది ఆరు స్టేజీల్లో మొదటిది మాత్రమే! మొత్తం 2,428 కిలోమీటర్లు. అరవై మందిలో 21 మందే చివరిదాకా నిలిచారు. గారిన్ దాదాపు మూడు గంటల తేడాతో గెలిచాడు.

టూర్ డి ఫ్రాన్స్ అలా పుట్టింది. పుట్టించింది పత్రికల పోటీ. పసుపు కాగితం మీద అచ్చయ్యే ‘లోటో’ అమ్ముడుపోవాలి, ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యే ‘లె వెలో’ను దెబ్బతీయాలి. జో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరి దేశం చుట్టూ పందెం పెడదామన్నాడు, సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ ధైర్యం చేశాడు. వ్యాపారం కోసం తలపెట్టిన పని ఇంత గొప్పదిగా ఎదగడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే ఆ పందేనికి గోడ లేదు, గేటు లేదు, టిక్కెట్టు లేదు. చూసేవాళ్లు స్టేడియానికి పోనక్కర్లేదు, వీరులే వాళ్ల వాకిళ్ల ముందుకొస్తారు. పాలక్యాన్లు వేలాడేసుకుని పాలాయన పొద్దున పోయిన రోడ్డు మీదే మధ్యాహ్నం జగజ్జెట్టీలు పోతారు. ఇంత చనువైన ఆట ఇంకొకటి ఎక్కడుంది!

ఆ చరిత్రలో నేను పదేపదే తలుచుకునే మనిషి గెలిచినవాడు కాదు. పేరు యూజిన్ క్రిస్టోఫ్. 1913లో పిరనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుంటే అతని సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. బయటివాళ్ల సాయం తీసుకోకూడదన్నది నియమం. సైకిల్ భుజాన వేసుకుని మైళ్ల కొద్దీ కొండ దిగాడు. తనను దాటి పోతున్నవాళ్లను చూస్తూనే నడిచాడు. సాంత్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో ఒక కమ్మరి కొలిమి దొరికింది. కుర్రతనంలో తాళాల పని నేర్చిన చేతులవి. కొలిమిలో ఇనుము కాల్చాడు, దాగలి మీద పెట్టి సమ్మెటతో సాగగొట్టాడు, విరిగిన ఫోర్కును తానే అతికాడు. పందెం అధికారులు పక్కనే నిలబడి కాపలా కాశారు. గంటలు గడిచాయి. తిత్తి ఊదడానికి మాత్రం అతనికి మూడో చెయ్యి లేదు. ఒక చిన్న పిల్లవాడు ఊదిపెట్టాడు. అందుకు శిక్షగా పది నిమిషాలు కలిపారు, తర్వాత మూడుకు తగ్గించారు. గెలుపు ఆ కొలిమిలోనే కాలిపోయింది. అయినా మళ్లీ సైకిలెక్కి, పారిస్ దాకా తొక్కి, ఏడోవాడిగా చేరాడు.

ఆరేళ్ల తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో ముందున్నవాడికి పసుపు జెర్సీ వేసే ఆనవాయితీ మొదలైంది. దాన్ని మొట్టమొదట తొడుక్కున్నది క్రిస్టోఫే. పారిస్ ఇంకెంతో దూరం లేదనగా మళ్లీ ఫోర్కే విరిగింది. ఆ ఏడూ గెలవలేదు, ఆ తర్వాతా గెలవలేదు. ఫ్రాన్స్ జనం మాత్రం అతనికి చందాలు పోగేసి పంపారు. ఆ కొలిమి దగ్గర ఈనాటికీ అతని పేరున ఫలకం ఉంది. గెలిచినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. ఓడిన ఈ మనిషి పేరు ఒక పల్లె గోడ మీద ఉంది.

ఇటలీలో టూర్ లాంటి పందెమే జీరో. 1924 జీరోలో అల్ఫోన్సీనా స్ట్రాడా అనే ఆవిడ మగవాళ్ల మధ్య ఒక్కతే బయల్దేరింది. పెరూజా స్టేజీలో హ్యాండిల్ విరిగితే చీపురుకర్ర ముక్క కట్టుకుని తొక్కింది. గడువు దాటి చేరడంతో పోటీ లెక్కలోంచి తీసేసినా తొక్కుకుంటూ సాగనిచ్చారు. సుమారు తొంభై మంది బయల్దేరితే మూడో వంతే మిగిలిన ఆ జీరోలో ఆమె మిలాన్ దాకా వచ్చింది.

ఈ ఓర్పు మనకు తెలియనిదేమీ కాదు. ఒకప్పుడు మన ఊళ్ల కూడళ్లలో గుంజ పాతి, మైకు కట్టి, ఆ గుంజ చుట్టూ వారం రోజులు కాలు కింద పెట్టకుండా సైకిల్ తొక్కే ఆటగాళ్లు వచ్చేవాళ్లు. స్నానం సైకిల్ మీదే, అన్నం సైకిల్ మీదే. నడిరాత్రి ఊరంతా పడుకున్నాక కూడా ఆ చైను చప్పుడు ఆగేది కాదు. ఆఖరి రోజు మెడలో నోట్ల దండ పడేది. ఆ గుండ్రటి బాటను కత్తిరించి దేశం పొడవునా పరిస్తే అదే టూర్.

మన హైవేల మీద ఇప్పుడు ఇంకో పాయ పారుతోంది. టూర్ కంటే పాతదైన పారిస్–బ్రెస్ట్–పారిస్, 1891లో పందెంగా మొదలై, ఈనాడు గెలుపోటములు లేని సవారీగా నాలుగేళ్లకోసారి సాగుతోంది. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. దానికి పోవాలంటే అదే ఏడు 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు గడువులోపల ముగించాలి. హైదరాబాద్ రాండొన్నూర్స్ అనే సైకిల్ క్లబ్బు వాళ్లు ఈ సవారీలు నడుపుతారు. 300కు ఇరవై గంటలు గడువు. హైదరాబాద్ నుంచి ఆ లెక్కన బయల్దేరినవాడు సూర్యాపేట దాటాక గానీ వెనక్కి తిరగలేడు. టిఫిన్ కోసం బస్సులు ఆగే ఆ రోడ్డు మీద రిఫ్లెక్టర్ జాకెట్ తొడుక్కుని, ముందూ వెనకా లైట్లు వెలిగించుకుని ఒంటరిగా పోయే మనిషి ఎవరైనా కనిపిస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక నా కోరిక: మన దగ్గరా ఇలాంటి పందెం ఒకటి జరగాలి. సూర్యాపేటలో మొదలుపెట్టి, కోదాడలో కుడికి తిరిగి, హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మూసీ దాటి మిర్యాలగూడ చేరి, మళ్లీ సూర్యాపేటకు వస్తే అటూ ఇటూగా నూట యాభై కిలోమీటర్లు. ఈనాటి టూర్‌లో ఒక మామూలు స్టేజీ అంత. తూర్మలే లాంటి కొండలు మనకు లేవు. గాలి ఉంది. సాగర్ ఎడమకాలువ నీళ్లు పారే మాగాణుల మధ్య చెట్టు అడ్డంలేని చోట పక్కగాలి వీస్తే, సైకిళ్ల గుంపు ఏటవాలు వరుసగా విచ్చుకుంటుంది. ముందువాడి చాటున దాగినవాడికి శ్రమ తగ్గుతుంది, చాటు తప్పినవాడు నిమిషాల్లో వెనకబడతాడు. కోతల కాలంలో మాత్రం వద్దు. అప్పుడు రోడ్డు సగం ఆరబోసిన వడ్లది, మిగతా సగం మిర్యాలగూడ మిల్లులకు బారులు తీరిన ట్రాక్టర్లది. ఆ హక్కు రైతుదే. సంక్రాంతి వెళ్లాక, యాసంగి నాట్లప్పుడు పెట్టుకుందాం. బురదలో వంగిన ఆడవాళ్లు నడుం పట్టుకుని లేచి చూస్తారు, బడిపిల్లలు జెండాలతో వస్తారు, హుజూర్‌నగర్‌లో పంచర్ షాపాయన పని ఆపి గాలిపంపు చేతబట్టుకుని నిలబడతాడు. టూర్‌లో అందరికన్నా ఆఖరున వచ్చేవాణ్ణి ఎర్ర లాంతరు అంటారు, రైలు చివరిపెట్టెకు వేలాడే దీపం పేరున. ముందువాళ్లు పోగానే ఇళ్లకు మళ్లకండి. అతను కూడా వచ్చేదాకా ఉండండి, అతనికీ చప్పట్లు కొట్టండి.