వేవర్ నొక్కే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజి రెండుసార్లు విన్నాను. ఫీజు బిల్లులో స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ అని ఒక్క సెమిస్టరుకే పదహారు వందల డాలర్లు వేశారనీ, వేవర్ ఫారం పెడితే ఆ డబ్బు తీసేస్తారనీ, ఫ్లాట్‌లో మిగిలిన ముగ్గురూ అప్పుడే పెట్టేశారనీ చెప్పావు. “నేనూ పెట్టేస్తాను పెద్దమ్మా, నాన్నకి లక్షా ముప్పై వేలు మిగులుతాయి” అన్నావు. ఆ మాట దగ్గర నీ గొంతు వణికింది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి మీ నాన్న తెచ్చిన అప్పు, నువ్వు ఖర్చుపెట్టే ప్రతి డాలరులోనూ నీకు కనిపిస్తోందని నాకు తెలుసు. అందుకే ఫోన్లో అయిదు నిమిషాల్లో తేల్చెయ్యకుండా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది కదా, ఇది చదివేదాకా ఆ బటన్ నొక్కకు.

వేవర్ పెట్టడం తప్పేమీ కాదు. అప్పటికే మంచి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు రెండోసారి డబ్బు కట్టకుండా ఉండటానికే ఆ వీలు పెట్టారు. మీ ఫ్లాట్‌లో పెళ్లయిన అమ్మాయి ఉందన్నావే, ఆమె భర్త డాలస్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు, ఆమె పేరు అతని కంపెనీ ప్లాన్‌లో ఉంది. ఆమె వేవర్ పెట్టడం నూటికి నూరుపాళ్లు సబబే. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా పెడతారు, ఎందుకంటే 2010లో వచ్చిన చట్టం ప్రకారం ఇరవై ఆరేళ్లు నిండేదాకా అమ్మానాన్నల ప్లాన్‌లో ఉండొచ్చు. అక్కడా ఒక చిక్కుంది. మీ పెదనాన్న వైపు కుర్రాడొకడు కాలిఫోర్నియా నుంచి బోస్టన్ వెళ్లి చేరాడు. వాళ్లింటి ప్లాన్ కాలిఫోర్నియా ఆసుపత్రుల వరకే పనిచేస్తుంది. ప్రాణం మీదికొస్తే ఎక్కడైనా చూస్తారు గానీ, నెల రోజులు మోకాలు నొప్పెట్టినా బోస్టన్‌లో డాక్టరుకి చూపించుకోలేకపోయాడు. మరుసటి ఏడు వేవర్ పెట్టకుండా యూనివర్సిటీ ప్లానే తీసుకున్నాడు.

నీకు భర్త కంపెనీ లేదు, ఇక్కడ అమ్మానాన్నల ప్లాన్ లేదు. కాబట్టి నువ్వు చెయ్యబోయేది వేరు. ఫారం ఒప్పుకుంటుందని ఒక చౌక పాలసీ కొని, ఆ కార్డు చూపించి బయటపడదామనుకుంటున్నావు. దాని గురించే నా బెంగంతా.

పందొమ్మిదేళ్లుగా ఒహాయోలో ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేస్తున్నాను. డాక్టర్లు జబ్బుల్ని చూస్తారు, నేను జబ్బు తగ్గాక వచ్చే కాగితాల్ని చూస్తాను. నాలుగేళ్ల కిందట ఒక ఫోన్ వచ్చింది. ఎం.ఎస్. చదువుతున్న మన తెలుగబ్బాయి. పేరూ ఊరూ చెప్పను. అర్ధరాత్రి కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చాడు, అపెండిసైటిస్ అని తేలింది, తెల్లారేసరికి ఆపరేషన్ చేశారు, ఒక రాత్రి ఉంచి పంపారు. బిల్లు ముప్పై ఒక్క వేల డాలర్లు. అతని పాలసీ కట్టింది ఆరు వేల లోపు. ఇంగ్లిషులో మొదలుపెట్టినవాడు నా యాస పట్టుకుని “అక్కా, మీరు తెలుగువాళ్లా?” అన్నాడు. ఆ తరవాత రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నేనూ లైన్లో అలాగే కూర్చున్నాను.

ఆ పాలసీ కాగితం తెప్పించి చూశాను. మోసమేమీ లేదు, అన్నీ రాసే ఉన్నాయి. ఎమర్జెన్సీ గదికి ఇంత, సర్జన్‌కి ఇంత, ఆసుపత్రిలో రోజుకి ఇంత అని దేనికి దానికి గిరి గీశారు. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఉన్న రెండున్నర లక్షల డాలర్ల అంకె అతని కళ్లకి కనబడింది, పద్నాలుగో పేజీలో ఉన్న ఆ పట్టిక కనబడలేదు. యూనివర్సిటీ ఫారం అడిగింది కూడా మొదటి పేజీ అంకే. ఫారం దాటడం వేరు తల్లీ, ఆసుపత్రి గడప దాటడం వేరు.

ఆ అబ్బాయికి నేను చేయగలిగిన సాయం ఒకటే. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నీ ఇక్కడి చట్టం ప్రకారం ఆర్థిక సహాయానికి ఒక రాతపూర్వకమైన పద్ధతి పెట్టుకోవాలి. అడిగితే దరఖాస్తు ఇస్తారు, అడగకపోతే చాలామందికి అది ఉందనే తెలియదు. పెట్టించాను. ఆసుపత్రి వాటా చాలా తగ్గింది. సర్జనూ మత్తుమందు డాక్టరూ పంపిన బిల్లులు వేరే, వాటిని రెండేళ్లు నెలనెలా కట్టాడు. నీకెప్పుడైనా, ఏ ఇన్సూరెన్స్ ఉన్నా సరే, పెద్ద బిల్లు వస్తే ముందు దేనికెంతో విడివిడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు అడుగు, తరవాత ఈ సహాయం సంగతి అడుగు. క్రెడిట్ కార్డు తీసి కట్టెయ్యకు.

ఇక నీ ఒంటి సంగతికి వస్తాను. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. నీకు ఆరేళ్లప్పుడు సంక్రాంతికి తెనాలి వచ్చాను. భోగిమంట పొగకి నీకు ఆయాసం ఎక్కింది. డొక్కలు ఎగరేస్తున్నావు. మీ నాన్న స్కూటర్ మీద, మీ అమ్మ ఒళ్లో నువ్వు, వెనకాల రిక్షాలో నేను. డాక్టరు గారింటి వరండాలో నెబ్యులైజర్ పెట్టించుకుని, ఆ మాస్కు వెనక నుంచి నన్ను చూసి నవ్వావు. ఇప్పుడు తగ్గిందంటావు. తగ్గడమంటే ఆస్తలిన్ పంపు నీ సంచిలో ఉండటమే కదా. అది అక్కడ వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఇక్కడ అదే మందుని ఆల్బ్యుటరాల్ అంటారు, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అవసరమైతే, ఇన్సూరెన్స్ లేకపోతే, ఒక్కొక్కటి వంద డాలర్లు దాటేవి బోలెడు.

పైగా నువ్వు దిగిన చోటు సెంట్రల్ టెక్సస్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడి కొండల మీద సీడర్ చెట్లు పుప్పొడి వదులుతాయి, చెట్టు కదిలితే పొగ లేచినట్టు ఉంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లే సీడర్ ఫీవర్ అని ముక్కులు చీదుకుంటూ తిరుగుతారు. నీకు ఆ కాలం ఎలా గడుస్తుందో మనకింకా తెలియదు. మొదటి శీతాకాలం.

నువ్వు పంపిన చౌక పాలసీ పీడీఎఫ్ చదివాను. ఇరవై రెండో పేజీ చూడు. పాలసీ మొదలవడానికి ముందు ఇన్ని నెలల్లో మందు వాడిన, డాక్టరుకి చూపించిన జబ్బేదైనా ‘ప్రీ-ఎగ్జిస్టింగ్’ కిందికి వస్తుందట, దానికి పైసా ఇవ్వరట. ఏప్రిల్‌లో ఆస్తలిన్ కొన్నావు కదా. అంటే నీకు ఏ జబ్బుకి ఇన్సూరెన్స్ కావాలో సరిగ్గా దానికే అది లేదు. మీ యూనివర్సిటీ ప్లాన్ పుస్తకమూ తెరిచాను. అది 2010 చట్టానికి కట్టుబడిన ప్లాన్ అని స్పష్టంగా రాశారు. కాబట్టి పాత జబ్బని తప్పించుకోవడానికి లేదు, ఇంత దాటితే ఇవ్వమని ఏడాదికీ జీవితకాలానికీ గిరి గీయడానికి లేదు, టీకాలూ నివారణ పరీక్షలూ నెట్‌వర్క్ డాక్టరు దగ్గర, అంటే ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టరు దగ్గర, ఉచితం. అన్నిటికంటే ముఖ్యం, నెట్‌వర్క్‌లో చూపించుకున్నంత వరకు ఏడాదిలో నీ జేబులోంచి పోయేదానికి ఒక పైహద్దు ఉంటుంది. ఔట్ ఆఫ్ పాకెట్ మాక్సిమం అంటారు. డిడక్టిబుల్ అంటే వాళ్లు చెయ్యి వెయ్యకముందు నువ్వు కట్టుకోవలసిన మొదటి ముక్క. కో-పే వెళ్లినప్పుడల్లా కౌంటరు దగ్గర ఇచ్చేది. ఈ రెండూ అందరూ చూస్తారు. నువ్వు మాత్రం ఆ పైహద్దు చూడు. చౌక పాలసీలో గిరి వాళ్ల వైపు ఉంటుంది, మంచి పాలసీలో నీ వైపు.

స్పృహ లేనప్పుడు అంబులెన్సు నిన్ను ఏ ఆసుపత్రికి తీసుకెళ్తుందో నీ చేతిలో ఉండదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం వల్ల, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రికి వెళ్లినా నెట్‌వర్క్ లెక్కనే కట్టాలి. ఆ రక్షణ మీ యూనివర్సిటీ ప్లాన్ లాంటివాటికే. ట్రావెల్ పాలసీలకీ కొద్దినెలల పాలసీలకీ వర్తించదు. రోడ్డు మీద వెళ్లే అంబులెన్సుకయితే ఆ చట్టం ఎవరికీ అండ కాదు. 2005 నుంచి మనకి 108 అలవాటు, ఫోన్ చేస్తే వచ్చి ఉచితంగా తీసుకెళ్తుంది. ఇక్కడ 911 బండికి కూడా బిల్లు వస్తుంది. ఆ బిల్లు భయంతో, ఆయాసం ఎక్కి పెదాలు నీలం తిరుగుతున్నా పిలవకుండా ఊబర్ కోసం చూసే పిల్లల్ని ఎరుగుదును. ఆ పని నువ్వు ఎప్పుడూ చెయ్యకు. బిల్లు సంగతి నాకు వదిలెయ్యి.

“ఎఫ్-1 వీసా వాళ్లకి గవర్నమెంటు రూలేమీ లేదట పెద్దమ్మా” అన్నావు. నిజమే. జే-1 వీసా మీద వచ్చేవాళ్లకే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం లెక్క పెట్టింది: ఒక్కో జబ్బుకి లక్ష డాలర్లు, వైద్యం కోసం స్వదేశానికి తరలించడానికి యాభై వేలు, మనిషి పోతే ఇంటికి పంపడానికి ఇరవై అయిదు వేలు, డిడక్టిబుల్ అయిదు వందలకి మించకూడదు. ఎఫ్-1కి ఎవరి యూనివర్సిటీ రూలు వారిది. పైనుంచి ఆదేశం లేకపోతే అవసరమూ లేదనుకోవడం మాత్రం పొరపాటు.

ఆ ఇరవై అయిదు వేల మాట రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. కానీ ఏటా చూస్తున్నాను. ఏ హైవే మీదో, ఏ చెరువు దగ్గరో మన పిల్లల్లో ఎవరికో ఏదో జరుగుతుంది. ఆ రాత్రికే స్నేహితులు విరాళాల పేజీ తెరుస్తారు, తానా, ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాల వాళ్లు కాగితాల కోసం పరుగులు పెడతారు. నేనూ ఇచ్చాను ఎన్నోసార్లు. యూనివర్సిటీ ప్లాన్లలో చాలావాటికి ఇలా ఇంటికి పంపే ఏర్పాటు కలిసే ఉంటుంది. కంపెనీ ప్లాన్లలో తరచుగా ఉండదు. మీ ఫ్లాట్ అమ్మాయికి కూడా చెప్పు, భర్త ప్లాన్‌లో ఇది ఉందో లేదో చూసుకోమను. విడిగా కొనుక్కోవచ్చు, అదేమంత ఖరీదు కాదు.

ఫారం చివర ఒక చిన్న గడి ఉంటుంది, “ఏడాదంతా ఈ ఇన్సూరెన్స్ కొనసాగిస్తాను” అని టిక్కు పెట్టాలి. రెండు నెలలకి కట్టి, వేవర్ ఒప్పుకోగానే పాలసీ ఆపేసినవాళ్లున్నారని నీ రూమ్మేటు చెప్పిందట. అది అబద్ధపు సంతకం. బయటపడితే క్రమశిక్షణ చర్య మాట అటుంచు, అప్పటికి యూనివర్సిటీ ప్లాన్ తలుపు మూసేస్తారు. మధ్యలో చేరాలంటే ఉన్న ఇన్సూరెన్స్ నీ ప్రమేయం లేకుండా పోయిందని రుజువు చూపించాలి, అదీ నెల రోజుల్లోపే. డబ్బు కట్టక ఆపేసుకున్నది రుజువు కింద చెల్లదు.

పదహారు వందలూ ఒక్కసారి కట్టడం కష్టమైతే, మీ ఫీజుల ఆఫీసులో వాయిదాల పద్ధతి ఉంది, వెబ్‌సైట్లో చూశాను. అక్కడా సరిపోకపోతే మొదటి వాయిదా నేను కడతాను, వద్దనకు. మీ అమ్మ నాకు చెల్లెలయ్యాక నువ్వు నాకు లెక్క రాసుకునే మనిషివి కాదు. జనవరిలో డిపార్టుమెంటులో టీచింగ్ అసిస్టెంట్ పని వస్తే ఇన్సూరెన్స్ ఖర్చు వాళ్లే పెట్టుకోవచ్చు, ఆఫర్ లెటర్‌లో ఆ వాక్యం కోసం వెతుకు. వచ్చే ఏడు ఇంకో మంచి దారి దొరికితే అప్పుడు వేవర్ పెట్టు, నేనే ఫారం నింపుతాను. వేవర్ ఏటా కొత్తగా పెట్టుకోవాలి, గడువు సెమిస్టరు మొదట్లోనే ఉంటుంది.

ఇంకొక్కటి. ఫీజు బిల్లులో ‘హెల్త్ ఫీ’ అని విడిగా ఇంకో గీత ఉంది కదా, అది ఇన్సూరెన్స్ కాదు, తీసెయ్యరు కూడా. దాంతోనే క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో డాక్టర్ని చూడొచ్చు. దగ్గూ జలుబుకి ఎమర్జెన్సీకి పరిగెత్తకు, ముందు అక్కడికి వెళ్లు. ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకుని ఆస్తమా సంగతి చెప్పి ఆల్బ్యుటరాల్ చీటీ రాయించుకో, డిసెంబరు దాకా ఆగకు. పళ్లకీ కళ్లకీ మాత్రం యూనివర్సిటీ ప్లాన్ పెద్దగా పనికిరాదు. అందుకే బయల్దేరే ముందు పళ్లు చూపించుకుని రెండు జతల కళ్లద్దాలు తెచ్చుకోమన్నాను.

శనివారం పొద్దున్న నాకు సెలవు. మీ టైము తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను, లాప్‌టాప్ తెరిచి ఉంచు, ఆ రెండు పీడీఎఫ్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. నేను చూడనిది ఏమైనా నువ్వు చూపిస్తే వింటాను. ఈలోగా తెనాలి డాక్టరు గారు రాసిచ్చిన కాగితాలు ఏ పెట్టెలో సర్దావో వెతికి, ఫొటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ