పెంచిన కూలి



మన పేటల్లో సొంత అమ్మానాన్నల దగ్గర కాకుండా వేరేవాళ్ల దగ్గర పెరుగుతున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. అమ్మమ్మ దగ్గర ఒకడు. మేనమామ ఇంట్లో ఒక పిల్ల. తండ్రి చనిపోయి తల్లి మారుమనువు వెళితే పెదనాన్న ఇంట్లో ఉండిపోయిన అన్నాచెల్లెళ్లు. చీడికాడ మండలంలో ఏ పల్లెకు వెళ్లినా ఇలాంటి గడప ఒకటైనా కనిపిస్తుంది. చెరుకు పని అయిపోయాక విశాఖపట్నం కట్టుబడి పనులకి పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. కొందర్ని తాగుడు తీసుకుపోయింది, కొందర్ని రోగం తీసుకుపోయింది. పిల్లలు మిగిలారు. ఎవరో ఒకరు చేరదీశారు. మనవాళ్లలో ఆ గుణం ఉంది. ఉన్న గంజిలోనే ఇంకొన్ని నీళ్లు పోసి ఇంకో గిన్నె పెడతారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

నేను అడగదలచుకున్నది ఆ గంజి తర్వాత సంగతి. పిల్ల చదువు సంగతి.

"గుంటకి కూడు పెడతన్నాం, గుడ్డ ఇస్తన్నాం. అదే ఎక్కువ. సదువులు కూడానా?" ఈ మాట నేను చాలా గుమ్మాల దగ్గర విన్నాను. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు. రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లు. కానీ ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. మేం ఇస్తున్నాం, పిల్ల తీసుకుంటోంది. తీసుకున్నది బాకీ. బాకీ అన్నాక తీర్చాలి. ఎలా తీరుస్తుంది? పేడకళ్లు ఎత్తి, చంటిదాన్ని చంకన వేసుకుని, చెరుకు నరికే రోజుల్లో బడి ఎగ్గొట్టి. పదో తరగతి తర్వాత "ఇంక చాలు, సంబంధం చూద్దాం" అంటే తల వంచుకుని.

పెంచినందుకు పిల్ల మనకి బాకీ పడుతుందా? ధమ్మం తెలిసినవాళ్లం అనుకుంటున్నాం గనుక ఈ ప్రశ్నకి మనం జవాబు చెప్పాలి.

వినయపిటకంలో జీవకుడి కథ ఉంది. బుద్ధుడికి వైద్యం చేసినవాడిగానే జీవకుణ్ణి మనలో చాలామంది ఎరుగుదురు. ఆయన పుట్టుక గురించి అంతగా మాట్లాడుకోం. రాజగృహంలో సాలవతి అనే గణికకి పుట్టాడు. పుట్టిన రోజునే దాసి చేత ఒక పాత చేటలో పెట్టించి పెంటకుప్ప మీద పారవేయించారు. కాకులు మూగాయి. అటుగా పోతున్న అభయ రాజకుమారుడు ఏమిటది అని అడిగితే, పసివాడు అన్నారు. బతికి ఉన్నాడా అంటే బతికే ఉన్నాడు అన్నారు. అలా జీవకుడు అనే పేరు వచ్చింది. కుమారుడు, అంటే రాజకుమారుడు పెంచాడు గనుక కోమారభచ్చుడు అని రెండో పేరు. అంటే ఆ మహావైద్యుడి పేరులోనే రెండు సంగతులున్నాయి. బతికి దొరికాడని ఒకటి, వేరొకరు పెంచారని ఒకటి. రెండింటినీ ఆయన దాచుకోలేదు.

కాస్త పెద్దయ్యాక జీవకుడు అభయుణ్ణి అడిగాడు, నా తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని. నీ తల్లి ఎవరో నాకు తెలీదు, నిన్ను పెంచింది నేను గనుక నేనే నీ తండ్రిని అన్నాడు అభయుడు. అప్పుడు జీవకుడు తనలో తను అనుకున్నది వినండి. ఈ రాజుల ఇళ్లల్లో చేతిలో విద్య లేకుండా బతకడం తేలిక కాదు, నేనొక విద్య నేర్చుకోవాలి. పెంపకంలో ఉన్న పిల్లలందరి మనసులోనూ ఈ మాట ఉంటుంది. సొంత పిల్లాడికైతే రేపు ఒక గోడో, ఒక సెంటు భూమో, కనీసం ఒక ఇంటిపేరో ఉంటుంది. వీళ్లకి చదువు తప్ప వేరే ఆస్తి లేదు. అందుకే జీవకుడు తక్షశిల వెళ్లాడు, ఏడేళ్లు చదివాడు. చివర్లో గురువు ఒక పార చేతికిచ్చి, తక్షశిల చుట్టూ యోజనం దూరం తిరిగి మందుకి పనికిరాని మొక్క ఏదైనా కనిపిస్తే పట్రా అన్నాడు. జీవకుడు ఎంత తిరిగినా పనికిరాని మొక్క ఒక్కటీ దొరకలేదు. పెంటకుప్ప మీద దొరికినవాడే వచ్చి ఆ మాట చెప్పాడు.

ఇక అసలు సంగతి. తిరిగి వస్తూ సాకేతంలో ఒక శెట్టి భార్యకి ఏడేళ్లుగా ఉన్న తలనొప్పి నయం చేస్తే జీవకుడికి పదహారు వేలు ముట్టాయి. అది ఆయన మొదటి సంపాదన. తెచ్చి అభయుడి ముందు పెట్టి, నన్ను పెంచినందుకు ఇది తీసుకోండి అన్నాడు. పాళిలో దానికి పోసావనిక అని ఒక మాట ఉంది. పెంచిన కూలి అన్నమాట. అభయుడు తీసుకోలేదు. అది నీ సొమ్మే, నీ దగ్గరే ఉంచుకో, ఇల్లు మాత్రం మా దగ్గర్లో కట్టుకో అన్నాడు.

పిల్లవాడు ఇస్తానన్నాడు, పెంచినవాడు వద్దన్నాడు. ఇవ్వాలనిపించడం పిల్లవాడి మంచితనం. అడగకపోవడం పెంచినవాడి ధర్మం. మనం చాలాసార్లు ఆ రెంటినీ కలిపేసి, పిల్ల ఇవ్వకముందే వసూలు మొదలుపెడతాం. అదీ బడి వయసులోనే, బడి గంటల్లోనే.

సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులు పిల్లలకి చేయవలసిన పనులు ఐదు చెప్పారు. అందులో చేతికొక విద్య నేర్పించడం ఒకటి. అది తల్లిదండ్రుల బాధ్యతల్లోనే వచ్చింది, దానాల్లో రాలేదు. తల్లి స్థానంలో నిలబడినవాళ్లకి ఆ బాధ్యత సగానికి తగ్గుతుందని ఎక్కడా లేదు.

ఇంకో మాట కూడా మన మధ్య తిరుగుతుంది. "తల్లిని మింగిన గుంట" అని. ఇది కోపంలో అన్నా, నవ్వులాటకి అన్నా విషమే. సిద్ధార్థుడు పుట్టిన ఏడో రోజున మహామాయ చనిపోయింది. పినతల్లి మహాప్రజాపతి గౌతమి పెంచింది. ఆయన తల్లిని మింగాడని మనం అంటామా? ఈ మాటకి మూలం పూర్వజన్మ కర్మ. 1957లో అచ్చయిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఈ కర్మవాదాన్ని ఖండించారు. పేదవాడి స్థితికి సమాజమూ, రాజ్యమూ బాధ్యత తప్పించుకోడానికి తప్ప దీనివల్ల ఇంకేం ప్రయోజనం ఉందని నిలదీశారు. బుద్ధవిహారంలో త్రిశరణం చెప్పి ఇంటికొచ్చి పిల్లని నష్టజాతకురాలు అన్నామంటే, మనం వదిలేశామనుకున్నది మన నాలిక మీదే ఉన్నట్టు.

బాబాసాహెబ్ కూడా తల్లి లేని పిల్లాడే. భీమాబాయి చనిపోయేనాటికి ఆయన చిన్న పిల్లవాడు. మేనత్త మీరాబాయి పెంచింది. తండ్రి రాంజీ కొడుకు పుస్తకాల కోసం పెళ్లయిన కూతుళ్ల దగ్గర నగలు అడిగి తెచ్చేవాడని ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. తర్వాత బరోడా మహారాజు శాయాజీరావు నెలకి 25 రూపాయలు ఇచ్చి బి.ఏ. చదివించాడు, 1913లో అమెరికా పంపాడు. ఆ సాయాన్ని మనం మరచిపోకూడదు. కానీ దానికొక షరతు ఉంది. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలి. 1917లో ఆయన మాట ప్రకారం బరోడా వెళ్లారు. అంటరానివాడని ఆ ఊళ్లో ఉండడానికి ఒక గది దొరకలేదు. పార్శీల సత్రం నుంచి గెంటేశారు. బొంబాయి తిరిగి వచ్చేశారు. మరి ఆ చదువు బాకీ తీరలేదంటామా? 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు, 1946లో సిద్ధార్థ కళాశాల తెరిచారు. పెట్టినవాడికి తిరిగి ఇవ్వడం కంటే తర్వాత వచ్చేవాళ్లకి ఇవ్వడం చదువు స్వభావం.

ఇక చట్టం. దీన్ని ఫోస్టర్ కేర్ అంటారు, ప్రభుత్వ కాగితాల్లో పోషక సంరక్షణ అని కూడా రాస్తారు. దత్తత వేరు, ఇది వేరు. ఇక్కడ పిల్ల పేరు మారదు, కులం మారదు, సొంతవాళ్లతో బంధం తెగిపోదు. 2015 బాల న్యాయ చట్టం 44వ సెక్షన్ దీని గురించే. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో పిల్లని ఒక కుటుంబానికి అప్పగిస్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు విడదీయకూడదు. పిల్ల చదువు, ఆరోగ్యం, తిండి పెంచే కుటుంబం బాధ్యత అని ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది. దయ అని రాయలేదు, బాధ్యత అని రాశారు. మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల సాయం కూడా ఉంది. ఆ డబ్బు పిల్లది. చుట్టాల దగ్గర పెరుగుతున్న పిల్లలకి స్పాన్సర్‌షిప్ పేరుతో ఇదే మొత్తం అడగవచ్చు. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 మించకూడదని దానికో హద్దు ఉంది. అడగడానికి జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంది. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయవచ్చు.

మన పల్లెల్లో చేరదీసిన పిల్లల్లో చాలామంది ఏ కమిటీ ఎదుటకీ వెళ్లలేదు. అమ్మమ్మ తెచ్చుకుంది, అంతే. కాగితం లేని ప్రేమ పిల్లకి అన్నం పెట్టగలదు గాని బడిలో పని చేయదు. 2025 నుంచి 'తల్లికి వందనం' కింద 13,000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు. తల్లి లేని పిల్లకి సంరక్షకుల పేరు నమోదు కావాలి. అది చేయించకపోతే ఆ పిల్లకి పథకం పేరు ఒక్కటే మిగులుతుంది, అదీ గుండెలో గుచ్చుకునే పేరు. కులం సర్టిఫికెట్ సంగతి కూడా అంతే. 1990 సవరణతో బౌద్ధులమైనా మనకి ఎస్సీ హోదా ఉంది. కానీ పిల్లకి సర్టిఫికెట్ కావాలంటే కన్నవాళ్ల కాగితాలు చూపించాలి. అంబేద్కర్ గురుకులంలో సీటు కావాలన్నా, స్కాలర్‌షిప్ కావాలన్నా అదే అడుగుతారు. చనిపోయిన తల్లి రేషన్ కార్డు నకలు ఇవాళ పడేస్తే పదేళ్ల తర్వాత దొరకదు.

బడి దగ్గర ఇంకో కష్టం. ఊళ్లు మారిన పిల్ల ఆరో తరగతిలో కూర్చుని రెండో తరగతి వాచకం కూడబలుక్కుంటుంది. "దీనికి బుర్ర లేదు" అని తేల్చేస్తాం. బుర్ర ఉంది, మధ్యలో రెండేళ్లు లేవు. 2009 విద్యాహక్కు చట్టం వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడినవాళ్లకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెబుతోంది. టీసీ ఆలస్యమైందని గాని, వయసు రుజువు లేదని గాని చేర్చుకోము అనకూడదు. ఈ మాట బడిలో మర్యాదగా, గట్టిగా చెప్పడానికి పిల్ల పక్కన ఒక పెద్ద మనిషి నిలబడాలి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అలాంటి రోజున తనకోసం ఎవరు వస్తారా అని గేటు వైపు చూసే పిల్ల ప్రతి బడిలో ఉంటుంది. ఒక పూట కూలి పోతుంది, నిజమే. వెళ్లండి.

కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలింది. సొంత పిల్లని అప్పు చేసి ప్రైవేటు కాన్వెంట్‌కి పంపి, పెంచుకున్న పిల్లని ఊరి బడికి పంపితే తప్పా? నలుగురున్న ఇంట్లో ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోతే ఏం చేయాలి? దీనికి తేలిక జవాబు లేదు. కానీ నా ఉద్దేశం చెబుతాను, కొందరికి నచ్చదు. ఇద్దర్నీ ఒకే బడికి పంపండి. డబ్బు లేకపోతే ఇద్దర్నీ ఊరి బడికే పంపండి. ఒకే ఇంటి గుమ్మంలోంచి ఒక పిల్ల బస్సు ఎక్కుతుంటే ఇంకో పిల్ల చూస్తూ నిలబడితే, ఆ ఇంట్లో చిన్న కులవ్యవస్థ పుట్టినట్టే. దాన్ని మనం పుట్టించామని సొంత పిల్ల కూడా నేర్చుకుంటుంది. పైగా సమానం అంటే కొలిచి పంచడం ఒక్కటే కాదు. వెనకబడిన పిల్లకి రాత్రి అరగంట ఎక్కువ కూర్చోవాలి. మనకి చదువు రాకపోయినా పక్కన కూర్చోవచ్చు. దీపం దగ్గర ఎవరైనా ఉన్నారని తెలిస్తే పిల్ల పుస్తకం మూయదు.

ఆడపిల్ల విషయం విడిగా చెప్పాలి. పెంపకంలో ఉన్న ఆడపిల్లకి ఇంటి పని ఎంత పడుతోందో గంటల్లో లెక్క వేయండి, సొంత కూతురి గంటల పక్కన పెట్టి చూడండి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరం, అది అందరికీ తెలుసు. పద్దెనిమిది నిండిన మర్నాడు చేసే పెళ్లి నేరం కాదు గాని, అప్పటికి ఆ పిల్ల ఇంటర్ పూర్తి చేసి డిగ్రీ గుమ్మంలో ఉంటుంది. పద్దెనిమిది దాటితే చట్టం దృష్టిలో బాలిక కాదు, నెలనెలా వచ్చే సాయమూ ఆగుతుంది. సరిగ్గా అప్పుడే ఫీజులు మొదలవుతాయి. అక్కడ సంఘం నిలబడాలి. ఏటా బొజ్జన్నకొండకి బస్సు మాట్లాడుకుని వెళ్లే మనం, ఒక పిల్ల డిగ్రీ ఫీజుకి చందా వేసుకోలేమా?

పిల్లని బౌద్ధం చేయాలా అని కొందరు అడుగుతున్నారు. తండ్రి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాహులుడికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు శుద్ధోదనుడు బాధపడితే, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. వందనకి మనతో వస్తే రానివ్వండి. రాకపోతే అన్నం, చదువు ఆగకూడదు. మతం షరతు అయితే అదీ ఒక రకం కూలి వసూలే.

మన సంఘంలో అనుకున్నది ఇది. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆదివారం వందన అయ్యాక గంటసేపు కాగితాల పని పెట్టుకుంటాం. పెంపకంలో ఉన్న పిల్ల ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు రండి. పిల్లని కూడా తీసుకురండి, ఏం చదవాలనుందో తననే అడుగుదాం. ఆధార్ నకలు, పాత బడి టీసీ, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, రెండు ఫోటోలు పట్రండి. ఏది లేకపోయినా రండి. దరఖాస్తులు రాయడానికి డిగ్రీ చదివే మన పిల్లలే కూర్చుంటారు.