కొనువాని నోరు

ధ్యాన వాక్యము: సామెతలు 20:14



ఎండలు ముదరగానే మన యిండ్లలో ఏడాదికి సరిపడు కారము పట్టించుకొను పని వచ్చును. కొందరు గుంటూరు వెళ్లి, కొందరు సంతలో, అనేకులు ఊరి రైతు కళ్లములోనే ఎండుమిరపకాయలు కొందురు. దొంగ త్రాసును గూర్చి (సామెతలు 11:1) మీరు ఎన్నో ప్రసంగములు వినియున్నారు. అవి అమ్మువానికి. సొలొమోను కొనువానిని కూడ విడువలేదు. సరకు బాగులేదని పదే పదే అని, ఇంటికి పోయి చౌకగా తెచ్చితినని అతిశయపడువానిని ఈ వచనము చూపుచున్నది. వాడు త్రాసు ముట్టలేదు. నోటితోనే తూకము తగ్గించెను.

బైబిలులో మిరపకాయ లేదు. అమెరికా ఖండపు ఆ పంటను పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరి. అంతకు ముందు మన పెద్దలు కారమునకు మిరియములు వాడిరి. అయినను పుదీన, జీలకఱ్ఱలను గూర్చి ప్రభువే మాటలాడెను (మత్తయి 23:23) గనుక, వంటింటి దినుసు ప్రసంగమునకు తగదని ఎవరును తలంచకుందురు గాక.

మిరపకాయ చెట్టుననే పండవలెను. పచ్చిగా కోసినది మామిడివలె గడ్డిలో మాగదు. కాయలన్నియు ఒక్కసారి పండవు గనుక మూడు నాలుగు కోతలు కోయవలసి వచ్చును. 100 కిలోల పండుకాయ ఎండితే 25 మొదలు 35 కిలోలే మిగులును. కోసిన చేతులు రాత్రి ఎట్లు మండునో మన సంఘములోని అక్కలను అడుగుడి.

మంచి కాయను ఏరుకొనుట తప్పు కాదు. ఊపిన గింజలు గలగలలాడవలెను. విరిచిన పెళుసుగా విరుగవలెను. వంగునది తడి కాయ. తడి నిలిచిన కాయకు బూజు పట్టును. ఆ బూజులలో కొన్ని కాలేయమును చెరుపు విషమును పుట్టించును. తెల్లబారిన తాలు వేరు చేయించుడి. (తేజకు కారము మిక్కుటము, బ్యాడిగికి రంగు ఎక్కువ, కారము తక్కువ, రెండును కలుపుకొను ఇల్లాలు తెలివిగలది.) తాలును తాలు అనుడి. అది సత్యమే.

అయితే నిగనిగలాడు కాయను చేతబట్టి, “ఇదంతయు తాలే” అని ముఖము చిట్లించునప్పుడు ఎదుటనున్నది ఎవరో చూచితివా? పెద్ద రైతు కోల్డు స్టోరేజీలో పెట్టి ధర వచ్చువరకు ఆగగలడు. అర యెకరము కౌలుకు చేసిన విధవరాలు ఆగలేదు. పురుగుమందుల కొట్టు అప్పు, కోత కూలి ఆమె తలమీద నున్నవి. నీవు కిలోకు తగ్గించిన పది రూపాయలు ఆమె ఎక్కడనుండి తెచ్చును? కూలివాని జీతము తెల్లవారువరకు నిలుపకూడదని లేవీయకాండము 19:13లో ఆజ్ఞ యున్నది. ఆమె నిలిపినయెడల అందులో నీ బేరమునకు పాలు లేదా?

అసలు బేరమాడకూడదా అని కొందరు అడుగుదురు. ఆడవచ్చును. సరకును గూర్చి అబద్ధమాడకూడదు. అబ్రాహాము మక్పేలా పొలము కొన్నప్పుడు ఎఫ్రోను చెప్పిన 400 తులముల వెండిని తూచి యిచ్చెను (ఆదికాండము 23:16). అది రాళ్ల నేలయని అతడు అనలేదు.

ఈ యేడు కాయ కొనబోవువారు ఆ దినపు యార్డు ధర ముందుగా తెలిసికొని వెళ్లుడి, ఫోనులోనే తెలియును. కాయ మంచిదైతే అమ్మునామె ఎదుటనే మంచిదని చెప్పుడి. తూకమైన తరువాత కొసరుకని గుప్పెడు కాయలు సంచిలో వేసికొను అలవాటు మనకున్నది. ఆమె తానుగా వేసినయెడల పుచ్చుకొనుడి.