ఆటా, మాటా

చదరంగం ఆడితే వ్యాపారం వంటబడుతుందంటారు. నాకో సందేహం. బల్లమీద ఒకరు గెలవాలంటే రెండోవారు ఓడాలి. అంగట్లో అలా కాదుగదా! ఓడించి పంపిన ఖాతాదారు మళ్ళీ గుమ్మం తొక్కుతాడా?

అంచేత ఎత్తులకన్నా ఆటలోని ఓ నియమమే నాకిష్టం. పావు ముట్టుకుంటే కదపాలి. గడిలో పెట్టి వేళ్ళు తీస్తే ఇక వెనక్కి లేదు.

1994లో స్పెయిన్‌లోని లినారెస్‌లో కాస్పరోవ్ గుర్రాన్ని ఓ గడిలో పెట్టి, క్షణంలో తీసి మరో గడిలో పెట్టాడు. ఎదురుగా ఉన్న 17 ఏళ్ళ జూడిట్ పోల్గార్ అభ్యంతరం చెప్పలేదు. ఆయనే గెలిచాడు. వేళ్ళు వదిలిన సంగతి మాత్రం వీడియోకి చిక్కింది. ఇప్పటికీ ఆ ఆట ప్రస్తావనొస్తే గెలుపుకన్నా ముందు ఆ వేళ్ళ సంగతే వస్తుంది!

మన తెలుగులో ఆటనీ ఆడతాం, మాటనీ ఆడతాం. చెప్పిన ధర, ఒప్పుకున్న గడువు ముట్టుకున్న పావుల్లాంటివే. నష్టమొచ్చినా తప్పకూడదు. ఎవరూ చూడనప్పుడు కూడానా అంటారా? అప్పుడే మరీను!